అవతల సెలవులు, ఇవతల బడి: పిలకాయల్ని పంపాలా వద్దా?

కరోనా థర్డ్ వేవ్ నడుస్తా ఉన్నా, సంక్రాంతి సెలవులయిపోయి ఈ జనవరి 17వ తేదీ నుంచి మన ఆంధ్రాలో బళ్ళు తెరిచేశారు కదా, అప్పట్నుంచి ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ సగానికి పైగా దీని మీదే. పాసుపుస్తకాల గొడవలు, అత్తాకోడళ్ళ గొడవలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ వచ్చే వారానికి తోసేసి ఈసారికి బడి సంగతే పెట్టుకున్నాం. పేర్లు వద్దన్నారు చాలామంది, అందుకని ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఊరు మాత్రం వేస్తున్నాం. ఇది 2022 జనవరి ఆఖర్లో రాస్తున్న మాట, ఫిబ్రవరికి రూల్స్ మారితే మారొచ్చు, అప్పుడు నన్ను తిట్టకండి.

ప్రశ్న: మాది తడ దగ్గర. మా ఆయన శ్రీసిటీలో కంపెనీకి పోతాడు. మా ఆడబిడ్డ వాళ్ళు బార్డర్ అవతల ఆరంబాకంలో ఉంటారు, బండేసుకుంటే ఎంతో సేపు పట్టదు. వాళ్ళ పిలకాయలకేమో నెలాఖరు దాకా సెలవులు, మా పాపకి మాత్రం బడి. మూడో తరగతి. కరోనాకి బార్డర్ తెలుసా అండీ? ఆడ డేంజరయితే ఈడ కాదా? మా అత్త 'ఒక సంవత్సరం చదువు పోతే పోయింది, బిడ్డ ముఖ్యం' అంటా ఉంది. మా ఆయన్ని అడిగితే నీ ఇష్టం అంటాడు. నాకేం తోచటల్లా. పంపాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: పంపమ్మా. ఒక్క మాటలో అడిగావు గనక అదే ఆ ఒక్క మాట, కింద రాసేదంతా మీ అత్తగారికి చదివి వినిపించడానికి.

కరోనాకి బార్డర్ తెలీదు, నిజమే, గవర్నమెంట్లకి మాత్రం తెలుసు. ఒమిక్రాన్ అక్కడా అదే ఇక్కడా అదే, అయినా తమిళనాడు వాళ్ళు ముందు తొమ్మిదో తరగతి దాకా మూసి తర్వాత 10, 11, 12కి కూడా 31 దాకా సెలవులిచ్చారు, తెలంగాణ వాళ్ళు పండగ సెలవుల్ని 30 దాకా సాగదీశారు, మన విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ గారు (మన ప్రకాశం జిల్లా యర్రగొండపాలెం ఎమ్మెల్యేనే) పొడిగించేది లేదని చెప్పి 17న తెరిపించారు. ఈ ఒక్క విషయంలో మన వాళ్ళే కరెక్టని నా అభిప్రాయం, మిగతా విషయాల్లోకి నన్ను లాగొద్దు. సినిమా హాళ్ళు సగం సీట్లతో నడుస్తా, పెళ్ళిళ్ళు జరుగుతా, సంతలు కిటకిటలాడతా ఉంటే ఈ రెండేళ్ళూ అందరికంటే ముందు తాళం పడిందీ, అందరికంటే ఆఖర్న తాళం తీసిందీ బడికే. ఎందుకంటే బడి మూస్తే ఆ రోజుకి ఎవరికీ నష్టం కనపడదు, హాలు మూస్తే ఓనరొచ్చి అడుగుతాడు, మూడో తరగతి పాప వచ్చి అడగదు గదా.

ఇప్పుడు అసలు లెక్క చూడు. పోయిన జూన్, జూలైలో ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళు దేశం మొత్తమ్మీద 70 జిల్లాల్లో జనాలకి రక్తం తీసి యాంటీబాడీలు ఉన్నాయా లేదా అని చూశారు, అందులో మన నెల్లూరు జిల్లా కూడా ఉంది. 6 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 61.6 శాతం మందికి ఉన్నాయి. అప్పటికి పిల్లలకి వ్యాక్సిన్ అనేదే లేదు, అంటే కరోనా వచ్చి పోయిందన్నమాట, చాలామందికి వచ్చినట్టు ఇంట్లో వాళ్ళకే తెలీకుండా. మరి బళ్ళు ఎక్కువ కాలం మూసే ఉన్నాయి గదా, యాడ అంటుకుంది? ఇంట్లో, వీధిలో, పెళ్ళి భోజనాల దగ్గర, కంపెనీ బస్సు దిగొచ్చిన నాన్న దగ్గర. బడికి పంపకపోతే పిల్లకి రాదు అనేది మనకి మనం చెప్పుకునే ధైర్యం, అంతే.

ఆ సర్వే సంగతి చెప్పిన రోజునే, అంటే 2021 జూలై 20న, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ గారు ఇంకో మాట కూడా అన్నారు, బళ్ళు తెరిచేటట్టయితే ముందు ప్రైమరీ బళ్ళే తెరవండి, హైస్కూళ్ళు తర్వాత, దానికంటే ముందు టీచర్లకీ స్టాఫుకీ వ్యాక్సిన్ వేయించండి అని. చిన్నపిల్లలు ఈ వైరస్‌ని పెద్దోళ్ళకంటే బాగా తట్టుకుంటారని ఆయన చెప్పిన కారణం. డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్ 15నే చిన్న తరగతుల వాళ్ళని ముందు పిలిచారు, స్వీడన్‌లో అయితే చిన్నపిల్లల బళ్ళు మూయనే లేదు. మనం ఏం చేశాం? తిరగేసి చేశాం. 2020 నవంబర్ 2న 9, 10, ఇంటర్ వాళ్ళని పిలిచి, ఒకటి నుంచి ఐదు దాకా ఉండే బుడ్డోళ్ళని 2021 ఫిబ్రవరి 1 దాకా ఇంట్లో కూర్చోబెట్టాం. పదో తరగతోడికి పబ్లిక్ పరీక్ష ఉంది గనక వాడు అర్జెంటు, ఒకటో తరగతోడికి పరీక్ష లేదు గనక వాడు ఆగొచ్చు, ఇదీ మన లెక్క. కానీ పదోడు తనంతట తాను పుస్తకం తెరిచి చదువుకోగలడు, ఫోన్లో పాఠం వినగలడు, ఒకటోడికి ఎవరో ఒకరు పక్కన కూర్చుని వేలు పట్టుకుని దిద్దిస్తే తప్ప అక్షరం రాదు. జబ్బు భయం తక్కువుండి బడి అవసరం ఎక్కువున్నోళ్ళని ఆఖర్న పిలిచాం. నా బాధంతా ఇదే, ఇంకోసారి ఏ వేవ్ వచ్చినా ఈ వరస మాత్రం మార్చాలి, మూయాల్సొస్తే పైనుంచి మూసుకుంటా రావాలి, తెరిచేది కిందనుంచి తెరవాలి.

మీ అత్తగారు ఒక సంవత్సరం పోతే పోయింది అంటున్నారు కదా, ఆమె ముందు కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టు. మీ పాప ఒకటో తరగతిలో ఉండగా 2020 మార్చి 19న బడి మూశారు. రెండో తరగతి మొత్తం కలిపి ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 19 దాకా, రెండున్నర నెలలు, 20 నుంచి సెకండ్ వేవ్ అని మళ్ళీ మూత. మూడో తరగతి మొదలయిందే ఆగస్టు 16న, నవంబర్లో వానలు, పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలు పట్టాలూ కొట్టుకుపోయిన రోజులు, మళ్ళీ సెలవులు, ఆ తర్వాత పండగ. అంటే పోవాల్సిన ఆ ఒక్క సంవత్సరం ఎప్పుడో పోయింది, ఇప్పుడు మానిపిస్తే పోయేది మిగిలిన ఆ కాస్త.

భయమే లేదని నేననను. 2020 నవంబర్లో బళ్ళు తెరిచిన మూడు రోజులకే 262 మంది పిల్లలకి, 160 మంది టీచర్లకి పాజిటివ్ అని పేపర్లలో వచ్చింది, అందరూ అదిరిపోయారు. ఆ రోజుల్లో బడికొచ్చిన పిల్లలు 4 లక్షల దాకా, టీచర్లు లక్ష దాకా, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు, పిల్లల్లో వెయ్యికి ఒక్కరు కూడా లేరు, టీచర్లలో దానికి రెట్టింపు పైన. బళ్ళోనే అంటుకుందని కూడా చెప్పలేం, టెస్టులు చేస్తే బయటపడింది. బళ్ళో ప్రమాదం ఎవరికన్నా ఉందంటే అది ముందు అయ్యోర్లకి, పంతులమ్మలకి. సెకండ్ వేవ్‌లో చాలామంది పోయారు కూడా. ఇప్పుడు వాళ్ళకి వ్యాక్సిన్లు పడ్డాయి, అదే అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా.

ఎప్పుడు పంపకూడదో కూడా చెప్తా. పాపకి జ్వరమో దగ్గో ఉంటే పంపొద్దు, ఇంట్లో ఎవరికన్నా పాజిటివ్ వస్తే పంపొద్దు, పుట్టుకతో గుండె జబ్బో కిడ్నీ జబ్బో గట్టి ఆస్తమానో ఉంటే పిల్లల డాక్టర్ని అడక్కుండా పంపొద్దు. మాస్కు పాపకి 6 దాటినాయి గనక కట్టొచ్చు, కట్టుకోగలిగినంత సేపే, ఐదేళ్ళ లోపు వాళ్ళకయితే అవసరం లేదని ఈ నెల 20న కేంద్రం వాళ్ళే చెప్పారు. ఒకవేళ కరోనా వచ్చి తగ్గినా, రెండు వారాల నుంచి ఆరు వారాల లోపు మళ్ళీ జ్వరం వచ్చి, కళ్ళు ఎర్రబడి, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, ఇలాంటివి కనపడితే ఆరోజే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసకపో, అది అరుదుగా వస్తుంది గానీ వస్తే ఆలస్యం చెయ్యకూడదు.

ఒక సంగతి అడగాలనుకున్నా. ఆరంబాకం పిలకాయలు సెలవులని చెప్పి మీ ఇంటికొచ్చి మీ పాపతో ఆడుకుంటా ఉండారా? ఉంటే ఆ సెలవులు ఎందుకిచ్చినట్టో మీ అత్తగారినే అడుగు.

ప్రశ్న: అయ్యా, మాది ఉలవపాడు. నా కొడుకూ కోడలూ బెంగుళూరులో బిల్డింగ్ పనికి పోయి ఉండారు, మనవడు నా దగ్గరే, ఐదో తరగతి. నాకు షుగరు, బీపీ రెండూ ఉండాయి. వాడు బళ్ళోంచి పట్టకొస్తే నా గతేంది? మానిపిద్దామంటే వాడు ఇంట్లో ఉండడు, తోటలెంబడి పడి తిరుగుతాడు. ఈ ఉత్తరం మా పక్కింటి పాప రాసిపెట్టింది.

జవాబు: అవ్వా, నువ్వే చెప్పినావు గదా, వాడు ఇంట్లో ఉండడని. బళ్ళో ఉంటే వాడు ఎవరి పక్కన కూర్చున్నాడో అయ్యోరికి తెలుస్తుంది, తోటలెంబడి పోతే ఎవరికీ తెలీదు. అందుకని వాడిని ఆపడం కాదు, నిన్ను నువ్వు కాపాడుకోవాల.

ఈ నెల 10 నుంచి 60 దాటి ఇలాంటి జబ్బులుండే వాళ్ళకి మూడో డోసు వేస్తున్నారు, ప్రికాషన్ డోసు అంటారు. రెండోది వేయించుకుని తొమ్మిది నెలలు దాటుండాల. నీకు పోయిన మార్చిలోనో ఏప్రిల్లోనో రెండోది పడుంటే ఇప్పుడు టైమొచ్చినట్టే, ఆశా వర్కర్ని అడుగు, ఊళ్ళోనే వేస్తారు. రెండోదే పడలేదంటే మాత్రం ఇంక ఏం మాట్లాడొద్దు, రేపు పొద్దున్నే పో. మనవడు బడి నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని గుడ్డలు మార్చుకునేది ఎటూ మన ఇళ్ళల్లో అలవాటే. రాత్రిళ్ళు ఒకే దుప్పట్లో పడుకోబాకండి, వాడికి జలుబు చేసిందంటే నువ్వు లోపల, వాడు వసారాలో, తలుపు తీసే ఉంచు. చలి అని చెప్పి అన్నీ మూసుకుని పడుకుంటే ఉన్న గాలే ఇద్దరూ పీలుస్తారు.

నీకే జ్వరం వస్తే షుగరు టెస్టు రోజూ చేయించుకో, మాత్రలు ఆపబాక. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్లో 94 కంటే తగ్గితే ఇంట్లో ఉండొద్దు. కొత్త రూలు ప్రకారం పాజిటివ్ వచ్చినాక ఏడు రోజులు, అందులో ఆఖరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉంటే చాలు, వాడు మళ్ళీ బడికి పోవచ్చు, నువ్వు మళ్ళీ తిరగొచ్చు. పక్కింటి పాపకి నా తరఫున చెప్పు, అక్షరాలు గుండ్రంగా భలే ఉన్నాయి.

ప్రశ్న: కృష్ణపట్నం మందు ఇంకా మా ఇంట్లో ఉంది, బడికి పోయే ముందు పిల్లలకి పెడితే రక్షణ ఉంటుందా? (ముత్తుకూరు)

జవాబు: పోయిన మే నెలలో ఆ ఆనందయ్య మూలికల మందు కోసం రోడ్డు పొడుగునా నిలబడ్డ జనాన్ని చూసినోళ్ళెవరూ దాన్ని ఎగతాళి చెయ్యరు, ఆక్సిజన్ దొరక్క ఆస్పత్రుల్లో మనుషులు పోతా ఉంటే జనం ఏం చేస్తారు మరి. గవర్నమెంటు కూడా కంట్లో వేసే చుక్కలు కాక మిగతావి పంచుకోవచ్చని ఒప్పుకుంది, హాని లేదని మాత్రమే ఒప్పుకుంది, కరోనా తగ్గిస్తుందని కాదు. ఎనిమిది నెలలు డబ్బాలో పెట్టిన లేహ్యం పిల్లలకి పెట్టొద్దు. 15 దాటిన పిల్లలుంటే ఈ నెల 3 నుంచి కోవాగ్జిన్ వేస్తున్నారు, 2007లోనో అంతకు ముందో పుట్టుంటే చాలు, రెండో డోసు 28 రోజులకి. అది వేయించు.

ప్రశ్న: మార్కాపురం డివిజన్‌లో మండల పరిషత్ బడిలో పనిచేస్తున్నాను. అందరూ బడి తెరవాలా మూయాలా అంటారు, తెరిచాక లోపల ఏముందో ఎవరూ అడగరు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు గుణింతాలు మర్చిపోయారు, ఒత్తు వస్తే ఆగిపోతారు, తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం గుర్తు లేదు. కొంతమంది అసలు రావడం లేదు, ఒకడు పలకల ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఒక ఆడపిల్ల వాళ్ళమ్మతో మిరపకోతలకి పోతోంది. పైనుంచి సిలబస్ ఎంతయిందని ఒకటే అడగడం, మధ్యలో యాప్‌లో ఫోటోలు ఎక్కించాలి. మళ్ళీ మూస్తారని పుకార్లు. దేన్ని ముందు పట్టుకోవాలో అర్థం కావడం లేదు.

జవాబు: మాస్టారూ, వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ మీదే బరువైనది, పీఆర్సీ (జీతాల సవరణ) కోపంలో ఉండి కూడా మీరు పిల్లల గురించి రాశారు చూడండి, అందుకే మీకు కొంచెం ఎక్కువ జాగా ఇస్తున్నా.

మీ బడి ఒక్కటే ఇలా ఉందని అనుకోవద్దు. పోయిన ఆగస్టులో ఆర్థికవేత్త జ్యాఁ ద్రేజ్ వాళ్ళ బృందం 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల వాడల్లో 1,400 మంది పిల్లల దగ్గరికి పోయి చూశారు, మన రాష్ట్రం అందులో లేదు గానీ మన పల్లెలు అంతకంటే వేరేగా ఉంటాయని నేననుకోను. పల్లెటూళ్ళల్లో ఆన్‌లైన్‌లో రోజూ చదువుతున్న పిల్లలు 8 శాతం. అసలేమీ చదవని వాళ్ళు 37 శాతం. దాదాపు సగం మంది నాలుగు మాటలకు మించి చదవలేకపోయారు. పల్లెల్లో తల్లిదండ్రులు 97 శాతం మంది బడి తెరవమనే అన్నారు, మనం టీవీల్లో చూసే చర్చల్లో ఈ 97 శాతంలోంచి ఒక్కరు కూడా కూర్చోరు, అది వేరే సంగతి. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి అనీ విద్యామృతం అనీ పాఠాలు వేశారు, వేసినోళ్ళని తప్పుపట్టను, వాళ్ళ ప్రయత్నం వాళ్ళు చేశారు, కానీ పాఠం వచ్చే టైముకి కరెంటుండాలి, టీవీ ఉండాలి, పక్కన అమ్మ ఉండాలి, అమ్మేమో కూలికి పోయుంటుంది. పిల్లోడు అడిగిన డౌటుకి టీవీ బదులు చెప్పదు. మన దగ్గర ఇంట్లో ఒక్క స్మార్ట్ ఫోను, అది నాన్న జేబులో, నాన్న లారీ మీద, ఇదీ మన ఆన్‌లైన్.

ఇంక మీ పనికి వద్దాం. సిలబస్ పరిగెత్తించొద్దు. గుణింతం రాని పిల్లోడికి ఐదో తరగతి పాఠం చెప్తే ఎండిపోయిన మడిలో ఎరువు చల్లినట్టే. ప్రథమ్ అనే సంస్థ ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి ఒకటుంది, చాలా తేలిక, తరగతి చూడకుండా పిల్లోడికి ఏమొచ్చో చూసి గుంపులు చెయ్యడం. మూడు, నాలుగు, ఐదు వాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి చిన్న కథ చదివించండి, చదివితే ఒక గుంపు, వాక్యం దాకా వచ్చినోళ్ళు ఒకటి, మాటల దగ్గర ఆగినోళ్ళు ఒకటి, అక్షరాల్లోనే ఉన్నోళ్ళు ఒకటి. రోజూ పొద్దున పూట ఒక గంట తెలుగుకీ ఒక గంట లెక్కలకీ ఈ గుంపుల్లోనే కూర్చోబెట్టండి, మధ్యాహ్నం మామూలు తరగతులు. ఐదో తరగతోడు మూడో తరగతోడి పక్కన కూర్చోడానికి సిగ్గుపడతాడు, అందుకని గుంపులకి తరగతి పేర్లు పెట్టొద్దు, ఊరి పేర్లో చెట్ల పేర్లో పెట్టండి. ఒత్తుల దగ్గర ఆగిపోయే వాళ్ళకి పుస్తకంలో మాటలు పక్కనపెట్టి వాళ్ళ నోట్లో ఉండే మాటలే పలక మీద రాయించండి, అమ్మ, అన్న, బువ్వ, దుక్కి, ఎద్దు, గొర్రె, గిద్దలూరు. మార్కాపురంలో పలకలకి కొదవేముంది. తీసివేతలకి చింతపిక్కలు తెచ్చి పది పది కట్టలు కట్టించండి, కట్ట విప్పితే అప్పు తెచ్చుకోవడం అంటే ఏంటో వాడికే తెలుస్తుంది. గట్టిగా చేస్తే కొన్ని వారాల్లోనే తేడా కనపడుతుంది, నెలలు పట్టదు. అడిగితే ఈ గుంపుల లెక్కే పేపర్ మీద రాసి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి చూపించండి, ఎవరు ఎక్కడున్నారో రాసుంటే సిలబస్ గురించి అడిగే నోరు కాస్త మెత్తబడుతుంది.

రాని పిల్లల సంగతి. పలకల ఫ్యాక్టరీలో ఉన్నోడికి 14 నిండకపోతే అక్కడ పెట్టుకోవడం నేరం, ఇంటి పనిలో సాయమయినా బడి వేళలు కాక మిగతా టైములోనే. కానీ చట్టం మాట ముందే ఎత్తితే తలుపులు మూసుకుంటారు, ముందు మీరూ, పేరెంట్స్ కమిటీలో వాళ్ళకి తెలిసిన మనిషి ఒకరూ, ఊరి వాలంటీరూ కలిసి చీకటి పడినాక పోండి, పగలయితే ఎవరూ ఉండరు. వాడు ఎంత తెస్తున్నాడో అడగండి, చాలా ఇళ్ళల్లో ఆ డబ్బు కోసం కాదు పంపింది, బడి లేదు గదా ఊరికే తిరుగుతాడని పంపారు, తర్వాత అలవాటయింది. అలా పంపిన ఇళ్ళ పిల్లలు మీరు ఒక్కసారి పోయి అడిగితే చాలు, వస్తారు. ఆడపిల్ల విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, మిరపకోతలు, పొగాకు పనులు అయిపోతే ఏప్రిల్లో పెళ్ళి చూపులు మొదలవుతాయి, మీకు తెలియంది కాదు. పచ్చి పొగాకు ముట్టుకునే పనికి పంపుతుంటే అది చర్మంలోంచి ఎక్కి వాంతులు, తలతిరగడం వస్తాయని వాళ్ళమ్మకి చెప్పండి. మాట వినకపోతే అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

మధ్యాహ్నం భోజనాన్ని కూడా తక్కువ చెయ్యొద్దు. మూసినప్పుడు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకి పంపారు, మంచిదే, కానీ ఇంట్లో ఐదుగురుంటే ఆ గుడ్డు ఆ పిల్లకే దక్కిందని ఎవరు చెప్పగలరు. బళ్ళో అయితే దాని కంచంలో పడుతుంది. తినేటప్పుడే మాస్కులు తీస్తారు గనక వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెట్టండి, గదిలో వద్దు. నిజానికి ఈ చలికాలం రెండు నెలలూ పాఠాలు కూడా చెట్టు కిందే చెప్పొచ్చు. రోజుకి పది సార్లు శానిటైజర్ కొట్టడం కంటే రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిస్తే ఎక్కువ పని జరుగుతుంది, ఈ జబ్బు గాలిలో వచ్చేది.

మళ్ళీ మూస్తారా అంటే, ఉగాండాలో 2020 మార్చిలో మూసి మొన్న ఈ జనవరి 10న తెరిచారు, ప్రపంచంలోనే ఎక్కువ కాలం మూసిన దేశం, అక్కడ చాలామంది పిల్లలు పనుల్లో పడి, ఆడపిల్లలు తల్లులయి, తిరిగి రాలేదు. మన వాళ్ళు అంత దూరం పోరులెండి. అయినా ఒక జాగ్రత్త చెయ్యండి, ప్రతి పిల్ల దగ్గరా ఇంట్లో ఒక కథల పుస్తకం ఎప్పుడూ ఉండేట్టు లైబ్రరీ పుస్తకాలు పంచేయండి. చిరిగితే చిరుగుతాయి. బీరువాలో ఉండి చెదలు పట్టడం కంటే నయం.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్, నెల్లూరు. 2020లో టెన్త్ క్యాన్సిల్, 2021లో ఫస్టియర్ క్యాన్సిల్. ఈసారి కూడా థర్డ్ వేవ్ కదా, క్యాన్సిల్ చేస్తారా? హాస్టల్లో పొద్దున ఐదింటి నుంచి స్టడీ అవర్స్ అంటున్నారు. క్యాన్సిల్ అవుతుందని తెలిస్తే ఇంటికి పోదామని.

జవాబు: అబ్బాయ్, నువ్వు పబ్లిక్ పరీక్ష హాలు మొహమే చూడకుండా ఇంటర్ ఆఖరికి వచ్చావన్నమాట, నీ బ్యాచ్ చరిత్రలో నిలుస్తుంది. ఈసారి మాత్రం ఆశ పెట్టుకోకు. 2021లో సెకండ్ వేవ్ ఊపిరాడనివ్వలేదు, సుప్రీంకోర్టు గట్టిగా అడిగితే జూన్ 24న రద్దు చేశారు. ఇప్పుడు నీ వయసోళ్ళకి వ్యాక్సిన్ పడతా ఉంది, బళ్ళే మూయని వాళ్ళు పరీక్షలెందుకు మూస్తారు.

నీకు అసలు సమస్య వేరే ఉంది, అది నువ్వు గమనించినట్టు లేదు. రెండేళ్ళుగా ఫోన్లో చుక్కలు పెట్టే టెస్టులు రాసినోడికి మూడు గంటలు ఏకబిగిన పెన్నుతో రాసే అలవాటు పోయింది. వారానికి రెండు సార్లు గడియారం పెట్టుకుని పాత పేపరు మొత్తం రాయి, చెయ్యి నొప్పి పుట్టేదాకా. ఐదింటికి లేపడం గురించి మీ నాన్నతో మాట్లాడు, నిద్ర చాలకపోతే చదివింది నిలవదు, అది మాత్రం నీ పక్షమే. గదిలో ఎంతమందిని పడుకోబెడుతున్నారో కూడా చెప్పు, జబ్బు సంగతికొస్తే పగలు క్లాసుకంటే రాత్రి ఆ గదే నాకు ఎక్కువ భయం.

ప్రశ్న: నెల్లూరు టౌన్. మా బాబు యూకేజీ, పాప రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. 'పిల్లలకి ఏమయినా మాకు సంబంధం లేదు' అని కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా? ఫీజు మాత్రం ఫుల్ కట్టాలంట. పిల్లలు పోయేది ఆటోలో.

జవాబు: పంపడం మీకిష్టమే అని సంతకం పెట్టండి, సంబంధం లేదు అన్న లైను కొట్టేసి పెట్టండి. వాళ్ళ గదిలో ఎంతమందిని కూర్చోబెట్టారు, కిటికీలు తెరిచారా, టీచర్లూ ఆయాలూ వ్యాక్సిన్ వేసుకున్నారా, ఇవన్నీ వాళ్ళ చేతుల్లో ఉన్న పనులు, మీ సంతకంతో అవి మీ మీదకి రావు. ఒప్పుకోకపోతే ఒక్కరే గొడవపడకుండా ఆ క్లాసు పేరెంట్స్ నలుగురైదుగురు కలిసి పోండి, నలుగురు పోతే మాట వేరేగా ఉంటుంది. ఏసీ గదులని గొప్పగా చెప్పే స్కూలయితే ఈ సంవత్సరానికి ఏసీ ఆపి కిటికీలు తీయమని అడగండి.

ఫీజు సంగతి, 2020-21కి ట్యూషన్ ఫీజులో 30 శాతం తగ్గించమని గవర్నమెంటు ఉత్తర్వులిచ్చింది, ఆ సంవత్సరం బాకీ అని పూర్తిగా అడుగుతుంటే ఆ మాట చెప్పండి. ఈ సంవత్సరానికి మాత్రం బడి నడుస్తోంది గనక కట్టాల్సిందే, కట్టాక ఒక్కటి అడగండి, టీచర్లకి జీతాలు పూర్తిగా ఇస్తున్నారా అని. లాక్‌డౌన్లో ప్రైవేటు టీచర్లు కూరగాయలమ్ముకుని బతికారు, మన పిల్లలకి అఆలు నేర్పినోళ్ళే.

ఇంక ఆటో. మీరు స్కూలు గురించి ఇంత రాసి ఆటో గురించి మూడు మాటల్లో తేల్చేశారు, నాకైతే అదే ఎక్కువ గుచ్చుకుంది. క్లాసులో దూరం దూరంగా కూర్చోబెట్టి, ఇంటికి పంపేటప్పుడు ఒకరి ఒళ్ళో ఒకర్ని కుక్కి పంపితే ఏం లాభం. చలిగాలి తగులుతుందని రెండు పక్కలా ప్లాస్టిక్ పట్టాలు దించి కట్టేస్తారు, వాటిని పైకి చుట్టమని చెప్పండి, పిల్లలకి స్వెట్టర్లు వేసి పంపండి. రెండు ట్రిప్పులు వేయడానికి ఎంత అడుగుతాడో కనుక్కుని మిగతా పేరెంట్స్‌తో పంచుకోండి. డ్రైవర్ రెండు డోసులూ వేసుకున్నాడో లేదో కూడా అడగండి, ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.